తప్పు తుపాకిదా, పట్టిన చేతిదా?

సూరత్ పేరు వినగానే రాజకీయాసక్తిగల తెలుగు పాఠకునికి 1907 స్ఫురిస్తుంది. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి కాంగ్రెస్ మహాసభలో వేదిక మీదికి చెప్పు ఎగిరింది. మితవాదులు, అతివాదులు చెరో దారి పట్టారు. మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుంచి వలసపోయిన పద్మశాలి కుటుంబాలకు సూరత్ అంటే బతుకుతెరువు. రాజధానిలోని రక్షణ శాఖ వర్గాలకు మాత్రం ఈ మధ్యకాలంలో సూరత్ అంటే హజీరా, హజీరా అంటే వజ్ర ఫిరంగి.

దక్షిణ కొరియా నమూనాను అనుసరించి లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ హజీరాలో కె-9 వజ్ర ఫిరంగులు తయారు చేస్తున్నది. 2017లో నూరు ఫిరంగులకు ఒప్పందం కుదిరింది. 2019 జనవరిలో ప్రధాని మోదీ ఆ కర్మాగారాన్ని ప్రారంభించారు. 2021 ఫిబ్రవరిలో నూరవ ఫిరంగి బయటికి వచ్చింది. మరో నూరింటికి 2024 డిసెంబరులో 7,628 కోట్ల రూపాయల పైచిలుకు విలువతో ఒప్పందం జరిగింది. మొదట ఎడారి కోసం ఎంచుకున్న ఈ ఫిరంగిని లడఖ్ చలిలోకి పంపవలసి వచ్చినపుడు, దానికి తగిన ప్రత్యేక సరంజామా కావాలని సైన్యం కోరింది. వాతావరణానికి తగినట్లు ఆయుధాన్నే సవరించుకున్నారు. ఫిరంగి దళపు జవానుకు పనితనం లేదని ఎవరూ అనలేదు.

చిన్న ఆయుధానికి ఈ మర్యాద లేదు. అది మొరాయిస్తే మొదటి అనుమానం పట్టుకున్న చేతి మీదనే.

చవక రకం సింగిల్ యాక్షన్ రివాల్వరునే తీసుకుందాం. వెనుకనున్న సుత్తిని ప్రతిసారీ బొటనవేలితో వెనక్కు లాగి, ఆ తర్వాత మీట నొక్కాలి. సుత్తి వెనక్కు పోయే ఆ ఒక్క కదలికలోనే లోపలి చిన్న కొక్కెం తూటాల చక్రాన్ని ఒక అర మేర తిప్పుతుంది. చక్రం సరిగ్గా గొట్టం ఎదుటికి రాగానే అడుగు నుంచి ఒక చీల లేచి దానిని బిగిస్తుంది. కొక్కెం కొస అరిగితే అర వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది. అప్పుడు గుండు గొట్టం అంచుకు ఒరుసుకొని, సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి. స్ప్రింగు సడలితే సుత్తి దెబ్బ చాలక తూటా పేలదు. పేలలేదు కదా అని వెంటనే తెరిచి చూడటం ప్రాణాంతకం. గొట్టాన్ని నిరపాయమైన దిక్కుకు పట్టి కనీసం అర నిమిషం వేచి ఉండాలి. తెలిసిన మరమ్మతుదారు మొదట తూటాలన్నీ తీసివేసి, సుత్తిని నెమ్మదిగా లాగుతూ ఆరు అరలనూ ఒక్కొక్కటిగా పరీక్షిస్తాడు. ఒకే అర దగ్గర చీల పడకపోతే లోపం చక్రంలో. అన్నిటి దగ్గరా పడకపోతే కొక్కెంలోనో, చీలలోనో, దాని స్ప్రింగులోనో.

ఇవి అరుగుదల వల్ల వచ్చే చిక్కులు. పుట్టుకతో వచ్చినది మరొకటున్నది. 1873 నాటి కోల్ట్ నమూనాలో దించి ఉంచిన సుత్తి సూటిగా తూటా మీదనే ఆనుతుంది. కింద పడితే పేలవచ్చు. కనుక ఆరు అరలలో అయిదే నింపుకొని, సుత్తి కింది అరను ఖాళీగా ఉంచుకోవాలని నూరేళ్లపాటు వాడేవానికే బోధించారు. 1973లో అమెరికాలోని రూగర్ సంస్థ, మీట నొక్కితే తప్ప దెబ్బ తూటాకు చేరకుండా సుత్తికీ సూదికీ మధ్య ఒక చిన్న ఉక్కు పట్టీని అమర్చింది. తన పాత రివాల్వర్లను కూడా 1982 నుంచి ఉచితంగా సవరించి ఇచ్చింది. ఆ తప్పు ఇన్నాళ్లూ ఎవరిదో దీనితో తేలిపోయింది. అయినా 1972 నాటి అమెరికా వినియోగ వస్తువుల భద్రతా చట్టం తుపాకులను తన పరిధి నుంచి మినహాయించింది. పిల్లవాని బొమ్మ పిస్తోలును అక్కడి కమిషన్ బజారు నుంచి వెనక్కు రప్పించగలదు. అసలు పిస్తోలును రప్పించలేదు!

మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకిని మరమ్మతు చేసే వృత్తికి కూడా లైసెన్సు ఉండాలి. అది సమంజసమే. లైసెన్సుదారుకు కనీసం దుకాణమైనా ఉన్నది. జవానుకు అదీ లేదు. ఇచ్చినదే ఆయుధం.

1999 కార్గిల్ యుద్ధంలో ఇన్సాస్ రైఫిలు ప్లాస్టిక్ తూటాపెట్టెలు చలికి పగిలాయనీ, కాల్పుల నడుమ రైఫిలు మొరాయించిందనీ ఫిర్యాదులు వచ్చాయి. 2005 ఆగస్టులో నేపాల్‌లో మావోయిస్టుల దాడిలో 43 మంది సైనికులు మరణించినపుడు, మన దేశం సరఫరా చేసిన ఆ రైఫిళ్లే దెబ్బతీశాయని నేపాల్ సైన్యం బాహాటంగా ఆరోపించింది. వాడకం సరిగా లేదన్నది భారత పక్షం సమాధానం. అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. కానీ తయారు చేసినవాడే తీర్పరి అయినపుడు ఆ నిజాన్ని నమ్మేదెవరు? 2019 ఫిబ్రవరిలో 72,400 అమెరికన్ రైఫిళ్లకు ఒప్పందం చేసుకున్నారు. అమేథీ సమీపంలోని కోర్వాలో రష్యా సహకారంతో ఎ.కె.-203 తయారీ ప్రారంభించారు. రైఫిలును మార్చడం వేరు, లోపానికి జవాబు చెప్పడం వేరు.

2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి, కర్మాగారాలను ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విభజించారు. మెదక్ కర్మాగారం ఒక కంపెనీకి, కాన్పూరు చిన్న ఆయుధాల కర్మాగారం మరొక కంపెనీకి చెందాయి. హజీరా మొదటి నుంచీ ప్రైవేటుదే. లోగడ కర్మాగారాలు ప్రభుత్వ శాఖలో భాగం కనుక సభలో మంత్రి నేరుగా జవాబుదారు. కంపెనీల రోజువారీ వ్యవహారాల మీద ప్రశ్నలను సాధారణంగా అనుమతించకపోవడం పార్లమెంటు సంప్రదాయం. ఒక రైఫిలు స్ప్రింగు విరగడం రోజువారీ వ్యవహారమా, దేశ రక్షణ వ్యవహారమా? లోపాలపై జరిగిన విచారణల నివేదికలను నిర్ణీత గడువులో సభ ముందుంచాలని ఏ సభ్యుడైనా అడగదలిస్తే, ఆ ప్రశ్నను సభా కార్యాలయం స్వీకరిస్తుందా లేదా అన్నది ముందుగా తేలవలసి ఉన్నది.