రేకు మారిస్తే బండి మారినట్టా?

తెలంగాణ రవాణా కమిషనర్ గారికి,

మా పెరట్లో 1972 నాటి మార్క్-2 అంబాసిడర్ ఉంది. ఇంజిన్‌కు ఢోకా లేదు, జబ్బంతా అడుగు రేకుదే. రబ్బరు మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్ ఆనిస్తే చాలు, పిడి దాకా దిగిపోతోంది. ఆదివారాలు నేనూ మా టింకరింగ్ మేస్త్రీ తుప్పు ముక్కలు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేస్తున్నాం. (ఇంట్లోవాళ్ల అభిప్రాయం ఇక్కడ రాయదగ్గది కాదు.)

2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000. కడతాం. పేచీ అంతా ఒక్క షరతుతోనే: చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదట. అంబాసిడర్‌కు లారీలా విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. మరి కుళ్లిన రేకు తీసి అదే మందం, అదే ఆకారంలో కొత్తది వేస్తే అది మరమ్మతా, మార్పా? తనిఖీ అధికారి ఇష్టానికి వదిలేస్తే ఒకచోట పాసైన బండి ఇంకోచోట ఫెయిలవుతుంది.

దీనిపై దయచేసి ఒక సర్క్యులర్ ఇవ్వండి. పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, మేస్త్రీ బిల్లులు సాక్ష్యంగా చెల్లుతాయో లేదో అందులో చెప్పండి. తనిఖీ ఖమ్మంలోనే పెడితే మరీ మేలు. ఈ బండిని హైదరాబాద్ దాకా నడిపే ధైర్యం మాకింకా రాలేదు.

ఇట్లు,
మధిర అంబాసిడర్ యజమాని