‘నో ఫాల్ట్ కోడ్స్’ అంటే కారు బాగున్నట్టు కాదు

ఇంట్లో పాత కారు ఉండి, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొనాలనిపించడం సహజం. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర కారు ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాకపోతే, ముందు దాన్నే పోర్టులో పెడతాం. కోడ్ వస్తే ఆ పార్ట్ మార్చేస్తాం. రాకపోతే తల పట్టుకుంటాం. నా దృష్టిలో రెండూ తప్పే. స్కానర్ చూపించేది లాగ్ మాత్రమే, తీర్పు కాదు. లాగ్‌లో ఎర్రర్ లేనంత మాత్రాన బగ్ లేనట్టా?

పైగా అన్ని కార్లకీ ఇది పనికిరాదు. అమెరికాలో కొత్త కార్లకి ఓబీడీ-2 1996 నుంచే తప్పనిసరి. మన దగ్గర బీఎస్-4తో 2010లో ఓబీడీ-1, 2013లో ఓబీడీ-2 వచ్చాయి. అంతకంటే పాత కార్లలో కొన్నింటికి పోర్టే ఉండదు, ఉన్నా మీ డాంగుల్‌తో మాట్లాడకపోవచ్చు. కార్బురేటర్ ఉన్న మారుతి 800కి అయితే ఎంత మంచి యాప్ ఉన్నా దండగే.

అందుకే యాప్ తెరిచే ముందు చెవులు, కళ్లు వాడండి. ముందుగా హజార్డ్ లైట్లు వేసి కారుని పక్కకి తీయండి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, కొన్ని తొక్కుల తర్వాత బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఇవి చూడండి:

- సెల్ఫ్ తిరుగుతోందా? టిక్ టిక్ మని ఆగిపోతే ముందు బ్యాటరీ, దాని టెర్మినల్స్ చూడాలి.
- ఇగ్నిషన్ ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోందా? అస్సలు వెలగకపోతే ఈసీయూకి కరెంట్ అందడం లేదేమో. ఫ్యూజ్, మెయిన్ రిలే చూడాలి.
- చాలా పెట్రోల్ ఇంజెక్షన్ కార్లలో అప్పుడే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు పంప్ శబ్దం వస్తుంది. రోజూ వినిపించేది ఇవాళ లేకపోతే ఫ్యూయల్ పంప్ మీద, దాని రిలే మీద అనుమానం.
- తాళం గుర్తు లైట్ బ్లింక్ అవుతోందా? ఇమ్మొబిలైజర్ మీ కీని గుర్తుపట్టడం లేదు.

స్కానర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడి నుంచి. లైవ్ డేటాలో ఆర్‌పీఎం పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నానే చూపిస్తే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరింగ్ అనుమానించాలి. వేడెక్కితే ఆగి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే కార్లలో తరచూ ఇదే దొంగ. సిగ్నల్ పూర్తిగా పోతే ఇంజిన్ తిరగడం లేదనే ఈసీయూ అనుకుంటుంది కాబట్టి, ఒక్కోసారి కోడ్ కూడా పడదు. పీ0335 అని పడినా అది ‘సెన్సర్ మార్చు’ అనే ఆర్డర్ కాదు. తెగిన వైర్ వల్ల కూడా అదే కోడ్ వస్తుంది.

ఇంకో మాట, ‘క్లియర్ కోడ్స్’ బటన్ జోలికి వెంటనే పోకండి. లోపం పడిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడ్ ఎంతో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతో పోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

కొనాలనుకునేవాళ్లకి: చౌక ఈఎల్‌ఎం327 డాంగుల్స్‌లో చాలావరకు నకిలీ చిప్‌లే. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై మోడలే తీసుకోవాలి. రాణిగంజ్‌లో స్పేర్ పార్ట్స్ షాపులకి కొదవ లేదు. అక్కడికి కోడ్ నంబర్ ఒక్కటే పట్టుకుని వెళ్తే అవసరం లేని పార్ట్‌తో తిరిగొస్తారు. ఎప్పుడు ఆగింది, ఎంత వేడిలో ఆగింది, పంప్ శబ్దం వచ్చిందా, ఆర్‌పీఎం కదిలిందా అన్నది రాసుకుని మెకానిక్‌కి చూపించండి. మంచి బగ్ రిపోర్ట్ ఇస్తేనే ఫిక్స్ తొందరగా వస్తుంది, బిల్లూ తగ్గుతుంది.