తెర మీది చార్లీ, వాకిట్లో ల్యాబ్రడార్

ఒక ఊళ్ళో కుక్కల్ని ఏ పేర్లతో పిలుస్తున్నారో వింటే ఆ ఊరివాళ్ళు ఏ సినిమాలు చూశారో చెప్పేయొచ్చు. తెనాలిలో ఒకప్పుడు పెంపుడు కుక్క అంటే టామీయో, టైగరో, జిమ్మీయో. 1994 నాటి 'హమ్ ఆప్‌కే హై కౌన్' తెలుగులో 'ప్రేమాలయం'గా ఆడాక తెల్లబొచ్చు పామరేనియన్లు ఇళ్ళలోకి వచ్చాయి. ఉత్తరం నోట కరుచుకుపోయి కథనే మలుపు తిప్పిన టఫ్ఫీ పేరు వాటికి పెట్టారు. 2003లో పిల్లవాడి వెంట నడిచే పగ్‌తో హచ్ సెల్‌ఫోన్ ప్రకటన వచ్చింది. ఆ తర్వాత పగ్‌ని పగ్ అన్నవాళ్ళు తక్కువ, అందరికీ అది హచ్ కుక్కే. 2022 జూన్ 10న ల్యాబ్రడార్ కుక్క కథ '777 చార్లీ' విడుదలైంది. ఇప్పుడు బాపట్లలోగానీ రేపల్లెలోగానీ 'చార్లీ' అని కేకేస్తే ఏదో ఒక గేటు వెనకనుంచి ల్యాబ్రడార్ మొరుగుతుంది.

సినిమా జనం మీద పనిచేయదని మన వైపు ఎవరూ అనరు. గుమ్మడిని, జగ్గయ్యను, శారదను, బుర్రిపాలెం కృష్ణను తెరకిచ్చిన ప్రాంతం ఇది. కె. విశ్వనాథ్ పుట్టిన పెదపులివర్రు రేపల్లె పక్కనే. ఆయన 'శంకరాభరణం' చూసి పిల్లల్ని సంగీతం పాఠాలకు పంపిన తల్లిదండ్రులు మన వీధుల్లో ఎందరో. వాళ్ళ పిల్లల్లో చాలామంది నాలుగు నెలలకే పాఠాలు మానేశారు. దానివల్ల సంగీతానికి వచ్చిన నష్టమేమీ లేదు. సినిమా చూసి తెచ్చుకున్న కుక్కను నాలుగు నెలలకు వదిలేస్తే నష్టపోయేది ఒక ప్రాణం. నా బాధంతా ఈ తేడా గురించే.

'777 చార్లీ'ని నేను ఇష్టంగా చూశాను. దర్శకుడు కిరణ్‌రాజ్ చెప్పదలచుకున్నదాంట్లో దాపరికం లేదు. చార్లీ ఎక్కడినుంచి వచ్చింది? కుక్కల చేత వరసగా ఈతలు ఈనించి పిల్లల్ని అమ్ముకునే మనిషి దగ్గరనుంచి పారిపోయి వచ్చింది. దగ్గరి రక్తంలోనే క్రాసింగ్ చేయించి పుట్టించడం వల్లే దానికి ప్రాణాంతకమైన క్యాన్సర్ వచ్చిందని సినిమా తేల్చి చెబుతుంది. అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై ఆ సినిమా చూసి కన్నీళ్ళు ఆపుకోలేకపోయారు. తర్వాత దానికి ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఇంత గట్టిగా చెప్పిన సినిమా చూసి హాల్లోంచి బయటికొచ్చిన పిల్లలు అడిగిందేమిటి? 'నాన్నా, మనమూ చార్లీని కొనుక్కుందాం.'

పిల్లల్ని అనడానికి లేదు. తెర మీద రెండున్నర గంటలసేపు ఆ మొహం కనిపిస్తుంది, ఆ చెవులు, ఆ కళ్ళు, ఆ తోక ఊపడం కనిపిస్తాయి. కుక్కల్ని అమ్ముకునేవాడు కాసేపు కనిపించి పోతాడు. ప్రేక్షకుడు ఏడ్చేది ఆ మొహం కోసం, గుర్తుంచుకునేదీ దాన్నే. కథలో చార్లీని ఎవరూ డబ్బిచ్చి కొనలేదు, అది తనంతట తానే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ ముక్కే మన బుర్రకెక్కలేదు.

ఇది మన ఒక్కరి సంగతీ కాదు. అమెరికాలో కుక్కల రిజిస్ట్రేషన్ లెక్కలు దశాబ్దాల నుంచి ఉన్నాయి. గిర్లాండా, అచెర్బి, హెర్జోగ్ అనే ముగ్గురు పరిశోధకులు వాటిని కుక్కల సినిమాలతో పక్కపక్కన పెట్టి చూసి 2014లో ఫలితాలు ప్రచురించారు. 1943లో లాసీ మొదటి సినిమా వచ్చాక రెండేళ్ళలో కోలీ జాతి రిజిస్ట్రేషన్లు 40 శాతం పెరిగాయి. 1959 నాటి 'ది షాగీ డాగ్' తర్వాత ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్‌లు వందరెట్లయ్యాయి. సినిమా ప్రభావం కొన్నిసార్లు పదేళ్ళ దాకా నిలిచిందని తేలింది. ఆ లెక్కల్లోకి ఎక్కినవి కొన్న కుక్కలు. వదిలేసిన కుక్కలకు అలాంటి రిజిస్టరు లేదు.

తెలుగులో కుక్క చుట్టూ అల్లిన సినిమాలు తక్కువ. 2015లో రాజేంద్రప్రసాద్ 'టామీ' వచ్చింది. ఎక్కువగా చూసేవి డబ్బింగులే. 2022 ఏప్రిల్‌లో ఓటీటీలో వచ్చిన 'ఓ మై డాగ్' అలాంటిదే. చూపులేని సైబీరియన్ హస్కీ పిల్లను ఒక పిల్లవాడు కాపాడుకునే కథ. మంచి మనసుతో తీశారు. అయితే ఆ హస్కీని రేపల్లెలో ఊహించుకోండి. మంచులో బండి లాగడానికి పుట్టిన జాతి అది, ఒంటిమీద రెండు పొరల బొచ్చు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ, ఆ తడి ఆరినకొద్దీ ఒళ్ళు చల్లబరచుకుంటుంది. సముద్రం పక్కన, గాలిలో తేమ నిండిన రోహిణి కార్తెలో ఆ తడి సరిగా ఆరదు. పగ్ పరిస్థితి ఇంకా కష్టం. మొహం అణిగిపోయి ముక్కురంధ్రాలు ఇరుకైన కుక్క అది, దానికి మామూలు రోజుల్లోనే ఊపిరి బరువు. అది గురకపెట్టి నిద్రపోతుంటే ముద్దొస్తోందని వీడియోలు తీస్తారు. ఆ గురక గాలి అందక వచ్చేదని చెప్పినవాళ్ళు లేరు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి మరొకటి ఉంది. ల్యాబ్రడార్ పన్నెండేళ్ళ దాకా బతుకుతుంది. ఆరో తరగతి పిల్లవాడు ఏడ్చి సాధించుకున్న కుక్కపిల్లకు నాలుగైదేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లవాడు గుంటూరులోనో విజయవాడలోనో ఇంటర్ హాస్టల్లో ఉంటాడు. దానికి పదేళ్ళు వచ్చేసరికి డల్లాస్‌లో ఉంటాడు. కుక్క ఎవరి చేతిలో మిగులుతుంది? తాతయ్యా నాయనమ్మల చేతిలో. ఇంకో రకం ఇళ్ళూ ఉన్నాయి. అమ్మానాన్నా ఒంటరిగా ఉన్నారని అమెరికా నుంచే కొడుకు డబ్బు పంపి కుక్కపిల్లను ఇప్పిస్తాడు. ప్రేమతో చేసిన పనే. ఏడాది తిరిగేసరికి అది ముప్పై కిలోల జంతువు. ఉదయం గొలుసు పట్టుకుని కాలవగట్టుకు బయల్దేరితే డెబ్భై ఏళ్ళ మనిషిని ఈడ్చుకుపోతుంది. ఒకసారి పెద్దాయన పడిపోతే చాలు, ఆ రోజు నుంచీ కుక్క మేడమీద గొలుసుకే. మోకాళ్ళ నొప్పితో నడవలేని యజమాని, నడక లేక లావెక్కిన కుక్క. మూడు పూటలా పెరుగన్నం పెడుతూ బాగా చూసుకుంటున్నామని వాళ్ళు నమ్ముతారు. ఆ నమ్మకంలో అబద్ధమేమీ లేదు. కొడుకుకి గానీ వాళ్ళకి గానీ పశువుల డాక్టరుతో ముందుగా ఒక్క అరగంట మాట్లాడాలని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక వదిలేయడం. చర్మం పాడైన జాతి కుక్కలు, ఒళ్ళంతా పిడుదులు పట్టినవి, మెడలో ఇంకా బెల్టుతోనే రైల్వేస్టేషను బయట తిరిగేవి మనందరికీ తెలుసు. వీధిలో ఎలా బతకాలో వాటికి తెలియదు. పైగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కను వదిలేస్తే వీధిలో కుక్కలు ఇంకా పెరుగుతాయి. కారణం లేకుండా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. వేలు పోసి కొన్న ప్రాణాన్ని యాభై రూపాయలతో వదిలించుకోవచ్చని చట్టమే చెబుతున్నట్టుంది. దీన్ని మార్చకుండా ఎన్ని నీతులు చెప్పినా ఏం లాభం?

వీధికుక్కల మీద మనకు భయం ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాడు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ వీడియో చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. వీధికుక్కల్ని పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పాయి. 2025లో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్లనుంచి కుక్కల్ని షెల్టర్లకు తరలించమంది. మున్సిపాలిటీలు ఈ పని నిజంగా చేస్తే పిల్లలకూ క్షేమం, కుక్కలకూ క్షేమం. చేయనిచోట ఇద్దరూ బలవుతున్నారు. తెరమీద కుక్క చనిపోతే ఏడ్చే మనిషే వాకిట్లోకి వచ్చిన నాటు కుక్కపిల్ల మీద నీళ్ళు చల్లుతున్నాడు. ఈ ఎండకు, ఈ వానకు, ఈ పెరుగన్నానికి తరతరాలుగా అలవాటుపడిన కుక్క అది. చిన్నప్పుడే తెచ్చి టీకాలు వేయించి, సమయానికి ఆపరేషన్ చేయిస్తే రొయ్యల చెరువుగట్టు మీదైనా, తెనాలి మారీసుపేట మేడమీదైనా హాయిగా ఇమిడిపోతుంది. దాని మొహాన్ని హీరోగా ఎవరూ చూపించలేదు, అదే దాని లోటు.

కథ లేకపోలేదు. నన్నయ భారతం తొలి పుటల్లోనే సరమ ఉంది. జనమేజయుడి తమ్ముళ్ళు ఏ తప్పూ చేయని తన పిల్లను కొట్టారని ఆ తల్లికుక్క నేరుగా రాజు ముందుకు వచ్చి నిలదీస్తుంది. మన భాషలో తొలి కావ్యం మొదట్లోనే ఒక కుక్క ఫిర్యాదు వినిపించిందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. దాన్ని ఇవాళ్టి తెనాలి వీధిలో పెట్టి తీసే దర్శకుడు ఎక్కడున్నాడో!

అలాంటి సినిమా వచ్చేలోగా ఒక పని వెంటనే చేయొచ్చు. షూటింగుల్లో జంతువుల్ని వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. ఏ జంతువుకూ హాని చేయలేదని తెరమీద వేస్తారు. అది నటించిన కుక్కకు రక్షణ. ఆ సినిమా చూసి మనం తెచ్చుకునే కుక్కలకు ఏ రక్షణా లేదు. పొగాకు హెచ్చరికను సినిమాకు ముందు, మధ్యలో వేయిస్తున్నట్టే, జాతి కుక్క ప్రధానపాత్రగా ఉన్న ప్రతి సినిమాకూ అరనిమిషం వేయించాలి: ఈ జాతి ఎన్నేళ్ళు బతుకుతుంది, ఎంత ఎండ తట్టుకుంటుంది, రోజుకు ఎంత నడవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం నిషిద్ధం, అమ్మేవాడికి రిజిస్ట్రేషన్ ఉండాలి. మన హాళ్ళవాళ్ళు బోర్డు చెప్పేదాకా ఆగక్కర్లేదు, టీకాల కబురుతోనే మొదలుపెట్టొచ్చు. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ఆ వారం ప్రతి ఆటకు ముందూ ఆ ఒక్క కబురు స్లైడుగా వేయమని హాళ్ళ యజమానుల్ని ఈ శీర్షిక ద్వారా అడుగుతున్నాను.