పసుపు లైటుకి మూడు సెకన్లు సరిపోతాయా?

మొన్న ఆదివారం అమ్మని గుడికి తీసుకెళ్తూ మా ఇంటి దగ్గర సిగ్నల్ దాటాను. హైదరాబాదులో రోడ్డు దాటడం గురించి కూడా ఓ టపానా అనకండి, కాస్త ఓపిగ్గా వినండి.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నడిచేవాళ్ళ పచ్చ బొమ్మ వెలగ్గానే బయల్దేరాం. సగం రోడ్డు దాటామో లేదో, ఎర్ర బొమ్మ వచ్చేసింది. ఎడమవైపు నుంచి బైకులన్నీ ఒక్కసారిగా మా మీదకి... డివైడర్ పక్కన అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. "ఇంక ఒక్కదాన్నీ గుడికి రానురా బాబూ" అంది.

సాయంత్రం ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మళ్ళీ వెళ్ళాను (ఇంజనీరింగ్ చదివిన పాపం ఊరికే పోదు కదా!). నడిచేవాళ్ళకి ఇచ్చింది 15 సెకన్లు. రోడ్డు వెడల్పు అడుగులేసి చూస్తే సుమారు 24 మీటర్లు. మామూలుగా ఈ లెక్కల్లో మనిషి నడక సెకనుకి 1.2 మీటర్లు అనుకుంటారు. అంటే నాలాంటివాడికే 20 సెకన్లు కావాలి. అమ్మ సెకనుకి 0.8 మీటర్లు నడిస్తే గొప్ప, ఆవిడకి 30 కావాలి. సగంలో ఆగిపోయామంటే తప్పు మోకాళ్ళదా?

పసుపు లైటు సంగతి ఇంకా చిత్రం. అక్కడ అది 3 సెకన్లు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి, డ్రైవరు తేరుకోడానికి ఒక సెకను వేసి, మామూలుగా బ్రేకు వేస్తే ఆగడానికి దాదాపు 63 మీటర్లు పడుతుంది. ఆగకుండా పోతే ఆ 3 సెకన్లలో వెళ్ళేది 50 మీటర్లే. మరి 55 మీటర్ల దూరంలో ఉన్నవాడు ఏం చెయ్యాలి? ఆగలేడు, దాటలేడు. ఈ చిక్కుని గాజిస్, హెర్మన్, మారదుదిన్ అనే ముగ్గురు 1960లోనే లెక్కకట్టి చూపించారు. ఆ లెక్క ప్రకారం ఆ వేగానికి పసుపు 3.8 సెకన్ల దాకా ఉండాలి. మనం మాత్రం ఇప్పటికీ "జనాలకి సివిక్ సెన్స్ లేదు" అని తిట్టుకుంటూ కూర్చుంటాం. లేదనే మాట నిజమే, కాదనను. కానీ సివిక్ సెన్స్ ఉన్నవాడు కూడా తప్పు చెయ్యక తప్పని పరిస్థితి ఆ 13 మీటర్లలో ఉంది.

దీనికి తోడు అంకెలు తిరిగే టైమర్లు. ఎర్ర లైటు పక్కన 3, 2 పడేసరికి మనవాళ్ళు గేరేసి ఉరుకుతారు. అటువైపు పసుపులో ఇరుక్కున్నవాడు ఇంకా కూడలి మధ్యలోనే ఉంటాడు! అందుకే అన్నివైపులా రెండు సెకన్లు ఎరుపు ఉంచమనేది. నాలుగు రోడ్లకీ కలిపి ఎనిమిది సెకన్లు. ట్రాఫిక్ జామ్ అయిపోతుందంటారా? రోజూ ఆఫీసుకెళ్తూ గంటన్నర జామ్‌లో కూర్చునేవాడిని నేనే, ఆ ఎనిమిది సెకన్లు నా ఖాతాలో రాసుకోండి.

అమ్మ ఇప్పుడు గుడికి ఆటోలో వెళ్తోంది. మా బాల్కనీలోంచి కనిపించే గుడికి, యూటర్న్ దాకా వెళ్ళి తిరిగిరావడానికి నలభై రూపాయలు.