వెనకొచ్చేవాడి సంగతి

ఏ దేశపు విమానాశ్రయంలో పాస్‌పోర్టు మధ్య ఎంత నోటు పెట్టాలో, ఏ ఊళ్లో ట్రాఫిక్ పోలీసు ఎంతకు వదిలేస్తాడో చెప్పగలిగినవాణ్ణి మనం లోకజ్ఞానం ఉన్నవాడంటాం. ఇచ్చేదంతా ఇచ్చి, తిరిగొచ్చాక ఆ దేశాన్ని తిట్టుకుంటాం. ఆ విద్య మనం ఇక్కడ నేర్చుకుని వెళ్లిందే.

మామూలు పాస్‌పోర్టుకు 1500 రూపాయలు కడతాం. విచారణకు ఇంటికొచ్చే కానిస్టేబుల్‌కు ఆపైన ఇవ్వాల్సింది పైసా లేదు. అయినా అడగకముందే కవరు సిద్ధం చేస్తాం. పిల్లల్ని అమెరికా పంపే మనకది లెక్కలోకి రాని సొమ్ము. మనం నవ్వుతూ ఇచ్చిందే రేటవుతుంది. జగిత్యాల నుంచి అప్పు చేసి గల్ఫ్‌కు పోయే కూలీ అదే రేటు వడ్డీకి తెచ్చి కడతాడు. వేలంలో పాట పెంచింది మనం, చెల్లించేది అతను.

రోడ్డు మీదా ఇంతే. హెల్మెట్ లేదని ఆపితే చలానా బదులు చేతిలో నోటు. తాగి బండి నడిపిన మేనల్లుడి కోసం ఎమ్మెల్యే పీఏకు ఫోను. ఆ రాత్రి బస్సులో నిద్రపోతున్న నలభై మందికి ఎదురొచ్చేది మనం విడిపించినవాడి బండే కావచ్చు.

మన పిల్లలు వైద్యం చదవడానికి వెళ్తున్న జార్జియాలో ఒకప్పుడు ట్రాఫిక్ పోలీసులు దారి పొడవునా వసూళ్లు చేసేవారు. 2003 గులాబీ విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ విభాగాన్నే రద్దు చేసి, మంచి జీతాలతో కొత్తవాళ్లను తీసుకుంది. స్టేషన్లకు అద్దాల గోడలు కట్టింది. (అదే ప్రభుత్వ హయాంలో జైళ్లలో ఖైదీలను హింసించిన వీడియోలు 2012లో బయటపడ్డాయి. అక్కడేదో రామరాజ్యం వచ్చిందని నేననను.) మనకూ 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణలకు ఆదేశాలిచ్చింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లా స్థాయిలో కూడా అథారిటీ పెట్టమంది. ఓటడగొచ్చిన ఏ అభ్యర్థినైనా అదేమైందని నిలదీశామా? మనవాడైన సీఐని మన ఊరికి వేయించమని మాత్రం అడిగాం.

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే మినహాయింపు ఉంది. అడిగారని ముందే చెబితే ఏసీబీయే వల పన్ని పట్టుకుంటుంది. తెలంగాణలో ఏసీబీ నంబరు 1064. ఈసారి కవరు తీసేముందు ఆ నాలుగంకెలూ నొక్కండి.