బోరుకొచ్చిన బండికి బలం ఎక్కడిది?

ఎకరం వంద కోట్లు దాటిన హైదరాబాద్ కోకాపేటలో ఒక కారు ఇంజన్ విప్పి పరుచుకోవడానికి పది గజాల జాగా దొరకదు. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ జరిపిన నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. చుట్టుపక్కల టవర్ల సెల్లార్లలో కార్లు బారులు తీరి ఉంటాయి. వాటిలో ఒకదాని బానెట్ ఎత్తి పానా పట్టుకుంటే చాలు, సెక్యూరిటీ మనిషి వచ్చి "సార్, ఇక్కడ రిపేర్లు వద్దన్నారు" అంటాడు.

అయినా పాత కారు కొని, ఇంజన్ తానే విప్పి బిగించి, కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ బలం రాబట్టాలనే సరదా ఈ ఐటీ కారిడార్ కుర్రకారులో ఉంది. జీతం ఉంది, యూట్యూబ్ ఉంది, పక్కనే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. బాగా తిరిగిన కార్లకూ ఇక్కడ కొదవ లేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకుంటే, ఆ డిసెంబరు నెలాఖరులో టాటా ఇండికా మార్కెట్‌లోకి వచ్చింది. అప్పటి నుంచి ఇండికాలు, క్వాలిస్‌లు, తర్వాత స్విఫ్ట్ డిజైర్లు, ఎటియోస్‌లు షిఫ్టుల ఉద్యోగులను రాత్రీ పగలూ మోశాయి. క్యాబ్‌గా తిరిగి తిరిగి అలిసిన బండి చివరికి చవగ్గా అమ్మకానికొస్తుంది.

ఈ సరదాను వెక్కిరించాల్సిన పనిలేదు. చేత్తో పని నేర్చుకోవాలనుకునేవాణ్ణి ప్రోత్సహించాలి. కాకపోతే చాలామంది వరస తప్పుతున్నారు. బండి పోగొట్టుకున్న బలం తిరిగి రాకముందే కొత్త బలం కోసం డబ్బు పోస్తున్నారు. కారే కుండలో ఇంకో బిందె పోసినట్టు.

ముందు మీటరు సంగతి. రెండు లక్షల రీడింగ్ చూడగానే ఇంజన్ పని అయిపోయిందనుకుంటారు. రీడింగ్ తిప్పేసి ఉంటే అదీ నమ్మకం లేదు. నిజంగా చూడాల్సింది ఇంజన్ నడిచిన గంటలు. గంటకు 80 కిలోమీటర్ల సగటుతో హైవే మీద తిరిగిన కారుకు రెండు లక్షల కిలోమీటర్లంటే 2,500 గంటలు. గచ్చిబౌలి, రాయదుర్గం ట్రాఫిక్‌లో 20 సగటుతో ఈడ్చిన కారుకు అవే రెండు లక్షలు 10,000 గంటలు. కంపెనీ బస్సుల వెనక న్యూట్రల్‌లో నిలబడి కాలిన ఆయిల్ లెక్క ఏ మీటరులోనూ ఉండదు.

ఇక బోరింగ్. ఇంజన్ పొగ కక్కుతూ ఆయిల్ తాగుతుంటే మెకానిక్ ఒక్కమాటలో తేల్చేస్తాడు: బండి బోరుకొచ్చింది. అంటే సిలిండర్ గోడలు అరిగి, గుండ్రం పోయి, పిస్టన్ రింగులు ఇక ఒత్తిడిని పట్టి ఉంచలేకపోతున్నాయి. లేత్ షాపులో గోడలను కాస్త తొలిచి, ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే సరి. పనిలో పనిగా సీసీ కూడా పెరుగుతుంది, పవర్ పెరుగుతుంది అని కొత్తవాడు సంబరపడతాడు.

ఎంత పెరుగుతుందో లెక్క వేయడం కష్టం కాదు. పాత మారుతి 800 ఇంజన్‌కు మూడు సిలిండర్లు. ఒక్కోటి 68.5 మిల్లీమీటర్ల బోరు, పిస్టన్ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు, మొత్తం 796 సీసీ. అర మిల్లీమీటరు ఓవర్‌సైజుకి వెళ్తే అది 808 దగ్గర ఆగుతుంది. ఒకటిన్నర శాతం. 37 హార్స్‌పవర్ బండికి అర హార్స్‌పవర్! హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. గాలి పలచబడడం వల్ల టర్బో లేని ఇంజన్ ఇక్కడ సుమారు 5 శాతం బలాన్ని ఊరికే వదులుకుంటుంది. బోరింగ్ తెచ్చిపెట్టేదానికి ఇది మూడింతలు. కాబట్టి బోరింగ్ ఇంజన్‌కు ఆరోగ్యం ఇస్తుంది. కండలు ఇవ్వదు.

అసలు విప్పాలా వద్దా అన్నది ఇంకా ముందు ప్రశ్న. "పికప్ లేదు" అన్న ప్రతి ఫిర్యాదుకూ ఇంజన్ కారణం కాదు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, జారుతున్న క్లచ్, పట్టేసిన బ్రేకులు, చీలిన టర్బో గొట్టం, వీటిలో ఏదైనా బండిని ముసలిదాన్ని చేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తెరిస్తే గుప్పుగుప్పున గాలి తన్నుతోందా? మెకానిక్‌లు దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. తర్వాత కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్ కొలవాలి. పెట్రోల్ బండిలో ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే, ప్లగ్గు కన్నంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఈసారి ఒత్తిడి పెరిగితే లోపం రింగుల్లో, గోడల్లో ఉంది. కదలకపోతే వాల్వులనో హెడ్ ప్యాకింగ్‌నో అనుమానించాలి. గేజ్ ఖరీదు ఎక్కువేం కాదు. ఇది చేయకుండా హెడ్డు దించే షెడ్డుకు బండి ఇవ్వకపోవడమే మేలు.

దించాక అసలు పని పానాలది కాదు, కొలతలది. సిలిండర్ గోడ పైభాగంలో, పిస్టన్ తిరిగి కిందికి మళ్లే చోట ఎక్కువ అరుగుతుంది. అక్కడ, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కులా బోర్ గేజ్‌తో కొలిస్తే తప్ప తేడా తెలియదు. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ, రింగు కొసల మధ్య సందు, క్రాంకు బేరింగుల ఖాళీ అన్నీ మిల్లీమీటరులో పదో వంతుల్లో, నూరో వంతుల్లో ఉండే లెక్కలు. హెడ్ బోల్టులను టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన వరసలో, చెప్పిన బిగువుకే బిగించాలి. చేతి అంచనా పనికిరాదు. చాలా కొత్త ఇంజన్లలో ఆ బోల్టులు ఒకసారి సాగితే మళ్లీ వాడకూడదు. పాత పెట్రోల్ ఇంజన్ అయితే ఇంధన గొట్టాలూ, రబ్బరు సీళ్లూ పనిలో పనిగా మార్చేయడం మంచిది. దేశంలో పెట్రోల్ ఇప్పుడు 20 శాతం ఇథనాల్ మిశ్రమం. ఆ పాత కార్లను దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు.

రాణిగంజ్‌లో విడిభాగాలు దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో అయితే బండి మొత్తాన్నే మళ్లీ కట్టిస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేత్ పనివాళ్ల చేతిలో గొప్ప నైపుణ్యం ఉంది. లోటు ఒకటే, కాగితం. బోరింగ్ చేసిన షాపు బిల్లు మీద "4 సిలిండర్లు బోరింగ్" అని రాస్తుంది గానీ, ఎంతకు తొలిచిందీ, ఎంత ఖాళీ ఉంచిందీ రాయదు. కస్టమర్లు అడగరు గనక రాయదు. అడగడం మొదలుపెట్టాలి. బేరం నాలుగు వందల దగ్గర చేసేవాళ్లు నాలుగు అంకెలు రాయమని అడగలేరా?

మరి నిజంగా బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువ గాలి, దానికి తగ్గ ఇంధనం. ఇందుకు మన రోడ్ల మీదే చక్కని ఉదాహరణ ఉంది. 1.3 లీటర్ల ఫియట్ మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌ను 2020 దాకా స్విఫ్ట్ నుంచి సియాజ్ వరకు ఎన్నో కార్లు వాడుకున్నాయి. 1248 సీసీ ఇంజన్ ఒకటే. స్విఫ్ట్‌లో 75 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్), ఎర్టిగా, సియాజ్‌లలో 90 పీఎస్. బోరు ఒక్క దారమంత కూడా మారలేదు. తేడా తెచ్చింది ప్రధానంగా రెక్కల కోణం మార్చుకోగలిగే టర్బో, దానికి తగ్గట్టు రాసిన కంప్యూటర్ మ్యాప్. అందుకే రీమ్యాప్ షాపులకు స్విఫ్ట్ డీజిల్ అంటే ప్రాణం. లాప్‌టాప్ తగిలించి కాసేపట్లో పవర్ పెంచేస్తారు. ఇంజన్ గట్టిగా ఉంటే ఆ మార్పు తెలుస్తుంది కూడా. మూడు లక్షలు తిరిగి రింగులు వదులైన ఇంజన్‌లో టర్బో ఒత్తిడి పెంచితే ఆ ఒత్తిడి రింగుల పక్క నుంచి కిందికి జారుతుంది, ఆయిల్‌ను పైకి తోస్తుంది, అరిగిన క్లచ్‌ను జారుస్తుంది. కాబట్టి రీమ్యాప్ ఆఖరి మెట్టు కావాలి. మన దగ్గర అదే మొదటి మెట్టు అవుతోంది.

చట్టం సంగతి మరిచిపోకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అరిగిన ఇంజన్‌ను బాగు చేయించుకోవడం ఇందులోకి రాదు. పెద్ద సీసీ ఇంజన్ తెచ్చి బిగించడం వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పు క్లెయిమ్ రోజున తేలుతుంది. ఔటర్ మీద గరిష్ఠ వేగం ఎలాగూ గంటకు 120 కిలోమీటర్లే. ఆరోగ్యంగా ఉన్న 75 పీఎస్ స్విఫ్ట్ ఆ వేగాన్ని సునాయాసంగా అందుకుంటుంది. పెంచిన బలాన్ని చూపించుకోవడానికి మిగిలేది అర్ధరాత్రి రోడ్లే. ఆ రేసుల మీద పోలీసు కేసుల వార్తలు పాఠకులకు తెలిసినవే.

కరెంటు కార్ల కాలంలో ఈ గొడవంతా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లను కోర్టులే కట్టడి చేశాయి. తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. అంటే పాత ఇంజన్లు ఇంకా చాలాకాలం మన మధ్యే తిరుగుతాయి. పొగ కక్కుతూ తిరగడం కంటే బాగుపడి తిరగడం అందరికీ మంచిది.

అందుకు నేర్చుకునే చోటు కావాలి. జర్మనీలో గంటల లెక్కన లిఫ్టూ, పనిముట్లూ అద్దెకిచ్చే వర్క్‌షాపులు ఉన్నాయి. కారు ఎవరిదో పనీ వాళ్లదే. అమెరికా సైనిక స్థావరాల్లో సిపాయిలకు ఇలాంటివే నడుపుతారు. మనకు భవనాల కొరత లేదు. కోకాపేటకు కాస్త దూరంలో, రాయదుర్గంలో, 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరుచుకుంది. స్టార్టప్‌లు నమూనాలు తయారు చేసుకోవడానికి అక్కడ ఆధునిక యంత్రాలున్నాయి. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల రూపాయలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్ 18న మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు.

ఈ సెంటర్లను ఆదివారాలు మామూలు జనానికీ తెరవాలి. ఫీజు తీసుకోండి. ఒక పాత ఇంజన్‌ను బల్ల మీద పెట్టి, బోర్ గేజ్ ఎలా పట్టాలో, టార్క్ రెంచ్ ఎందుకో చూపించండి. ఆటోనగర్‌లో, రాణిగంజ్‌లో ముప్పై నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మేస్త్రీలను గురువులుగా పిలిచి గౌరవంగా జీతం ఇవ్వండి. ఐటీఐలు కార్మిక శాఖ కింద ఉన్నాయి, చట్టం అమలు రవాణా శాఖ చేతిలో ఉంది. ఈ రెండు శాఖలూ కలిసి మొదటి బ్యాచ్‌ను మల్లేపల్లిలోనే మొదలుపెట్టాలి.