వంశానుచరితము – ఇనాము దస్త్రములు

పురాణమునకు చెప్పిన ఐదు లక్షణములలో వంశము, వంశానుచరితము అని రెండు వంశసంబంధమైనవే. కాబట్టి వంశచరిత్రమును విచారించుట మనకు ఎవరో క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. అయినను నేడు మన ప్రాచ్యకళాశాలలలో ఒక కవి వంశమునో, ఒక పండిత కుటుంబమునో గూర్చి పరిశోధించువారు కావ్యావతారికల కడనే ఆగిపోవుచున్నారు. శిలాశాసనమో తామ్రశాసనమో లభించినచో మరికొంత ముందునకు పోవుదురు. ఆంగ్లేయుల కాలమున పుట్టిన భూమి దస్త్రముల జోలికి పోవువారు మాత్రము అరుదు. అవి పన్నుల లెక్కలనియు, వానిలో సాహిత్యవిద్యార్థికి కావలసినది ఏమియు లేదనియు ఒక అభిప్రాయము మనలో పాతుకొని యున్నది. ఈ ఉపేక్ష తగదని నా మతము. ఆ దస్త్రములను పరీక్షింపక యథాతథముగా స్వీకరించుట ఉపేక్షకంటె హానికరమనియు నా మతము. ఈ రెండు మాటలను కృష్ణాజిల్లా మెట్టసీమయైన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములను ఉదాహరణముగా తీసికొని విన్నవించెదను. ఈ ప్రాంతము 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నది.

మొదట పెద్దలు చేయు ఆక్షేపణమును చూతము. పరప్రభుత్వము శిస్తు వసూలునకై వ్రాయించిన కాగితములు మన వంశములకు ప్రమాణమెట్లగును అని వారి ప్రశ్న. దీనికి సమాధానము మన ధర్మశాస్త్రములోనే ఉన్నది. యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయమున లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు ప్రమాణములను చెప్పినాడు. లిఖితమును ఎవరు వ్రాయించిరనునది దాని బలాబలములను నిర్ణయించుటకు ఉపకరించును గాని, దానిని త్రోసివేయుటకు హేతువు కాదు. మనము శిరసావహించు తామ్రశాసనములు మాత్రము ఏమి? అవియును భూమికి పన్ను మాన్పించి ఇచ్చిన రాజపత్రములే గదా! పైగా ఆంగ్లేయుల కాలపు గ్రామలెక్కలను వ్రాసిన చేయి పరదేశీయునిది కాదు, మన కరణముదే.

ఇక్కడ గమనింపదగిన భేదము ఒకటి కలదు. భూదానము చేయు రాజు తన పూర్వులను, తనను పేర్కొని శాసనము వ్రాయింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయమున విధించినది. అందుచేత తామ్రశాసనములలో దాతవంశము విస్తారముగా ఉండును. ప్రతిగ్రహీతకు గోత్రము, సూత్రము, తండ్రిపేరు, తాతపేరు దక్కిన చాలును. ఇనాము దస్త్రములలో ఇది తలక్రిందులు. దాతను గూర్చి ఒక పంక్తి, గ్రహీత సంతతిని గూర్చి అనేక పంక్తులు. సామాన్య గృహస్థుని వంశమును తెలిసికొనగోరువానికి రెండవదే ఎక్కువ ఉపయోగము.

ఆ దస్త్రముల పుట్టుక ఎట్టిదో తెలియనివాడు వానిని సరిగా చదువలేడు. చెన్నపట్టణపు ప్రభుత్వము 1802లో 31వ రెగ్యులేషనును చేసి, శిస్తు లేని భూముల హక్కులను విచారించుటకు ఏర్పాటు చేసినది. అటుపిమ్మట 1858లో ఇనాం కమిషను ఏర్పడినది. సుమారు పది సంవత్సరములు ఊరూర ఇనాములను విచారించి రిజిష్టర్లు వ్రాయించిరి. ఇనాముదారు తన వాఙ్మూలమును, ఉన్నచో సనదును దాఖలు చేయవలెను. కరణము లెక్కలతో దానిని సరిచూచెడివారు. ఇనాము ఎవరిచ్చిరి, మొదటి గ్రహీత ఎవరు, పాత లెక్కలలో ఎవరిపేర నున్నది, ప్రస్తుతము అనుభవించువాడెవడు, వానికిని మొదటి గ్రహీతకును సంబంధమేమి, వాని వారసులెవరు అను వివరములు వరుసగా రిజిష్టరులో ఎక్కినవి. విచారణ ముగిసిన తరువాత కొంత కట్టుబడి విధించి, టైటిల్ డీడు ఇచ్చి, భూమిని సొంత ఆస్తిగా ఖాయపరచిరి. 1783 మొదలు 1816 వరకు పాలించిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయనివారి దానములు పొందిన కుటుంబముల సంతతి ఈ ప్రాంతమున నేటికిని ఉన్నది. తన తండ్రి జగ్గయ్యగారి పేర ఆయన నిలిపిన పట్టణమే జగ్గయ్యపేట. ఆయన మరణించిన నలువది, ఏబది ఏండ్లకే కమిషను విచారణ జరుగుటచే, మొదటి గ్రహీతను కన్నులార ఎరిగినవారే కొన్నిచోట్ల సాక్ష్యము చెప్పుటకు అవకాశము కలిగినది.

అయితే ఈ రిజిష్టరు వంశచరిత్ర వ్రాయుటకు పుట్టినది కాదు. ఏబది సంవత్సరముల అనుభవము ఉన్నచో సనదు లేకున్నను కమిషను హక్కును అంగీకరించెడిది. మన స్మృతికారులు చెప్పిన త్రిపురుష భోగమునకు ఇది చుట్టము వంటిది. కావున అనుభవమును పూర్వమునకు జరిపి చెప్పుట ఇనాముదారునకు లాభము. వారసులున్నవానికి కట్టుబడి తక్కువ, లేనివానికి ఎక్కువ. కావున దత్తుని ఔరసునిగను, అన్నకొడుకును కొడుకుగను చెప్పుటకు ప్రేరణ ఉండెను. అందరును అట్లు చెప్పిరని నేననను. లాభమున్నచోట వాక్యమును మరియొక ప్రమాణముతో సరిచూడవలెనని మాత్రమే చెప్పుచున్నాను. ఇది ప్రామాణ్యవిచారము. పూర్వమీమాంస చదివినవారికి నేను వివరింప నక్కరలేదు.

దత్తత వలన వంశచరిత్ర ఎంత చిక్కుపడగలదో తెలిసికొనుటకు వాసిరెడ్డివారి చరిత్రయే చాలును. పుత్రసంతానము లేని వేంకటాద్రినాయడు మొదట జగన్నాథబాబును, అతడు జీవించియుండగనే రామనాథబాబును దత్తత చేసికొనెను. ఆ తరువాత పుట్టిన వ్యాజ్యము దశాబ్దముల పర్యంతము సాగి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. 1846లో రంగమ్మ–అచ్చమ్మల వ్యాజ్యమున, మొదటి దత్తపుత్రుడు బ్రతికియుండగా రెండవ దత్తత చెల్లదని తీర్పు వచ్చెను. హిందూ దత్తత న్యాయమున ఆ తీర్పు తరువాతి కాలమునకు మార్గదర్శకమైనది. దత్తక విషయమును ధర్మశాస్త్రముగ బోధించు మన కళాశాలలలో, ఆ సిద్ధాంతము మన నందిగామ సీమను ఏలిన వంశములోనే పరీక్షింపబడినదని ఎందరు విద్యార్థులకు తెలియును? అట్టి వ్యాజ్యపు కాగితములు వంశచరిత్రకు గొప్ప నిధులు. రెండు పక్షములు పరస్పరము తప్పులెన్నుకొనుటచే, ఏకపక్షమైన ఇనాము వాఙ్మూలముకంటె అచ్చట సత్యము తేలుటకు అవకాశము హెచ్చు.

ఇంక చదువుటలోని కష్టములు. గ్రామలెక్కలు గొలుసుకట్టు వ్రాతలో ఉండును. కాలము ఫసలీలో ఉండును. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. అది జూలై మొదటి తేదీన ప్రారంభమగును. సంవత్సరనామము అరువది ఏండ్లకొకసారి మరల వచ్చును. ‘రౌద్రి’ అని మాత్రమే ఉన్న కాగితము 1800–01 నాటిదా, 1860–61 నాటిదా? ప్రక్కన ఫసలీ 1210 అని ఉన్నచో మొదటిది, 1270 అని ఉన్నచో రెండవది. ఈ సవరణ చేయనివాడు రెండు తరములు తప్పిపోవును. దానికి తోడు మనవనికి తాతపేరు పెట్టుట మన ఆచారము. వేంకటయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు వేంకటయ్య. కాగితములో తండ్రిపేరు లేనిచో తాతను మనవనిగా, మనవని తాతగా భ్రమించుట సులభము. ఇంటిపేరు ఒకటియైనంత మాత్రమున గోత్రము ఒకటి కాదు. ఊరిపేరులే ఇంటిపేరులైన మన దేశమున ఒకే ఊరినుండి కదలివచ్చిన భిన్నగోత్రీకులు ఒకే ఇంటిపేరు వహింతురు. ఈ సందేహములు తీర్చుటకు ఇంటిలోని సంప్రదాయమే శరణ్యము. పితృకర్మలలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, గోత్రముతో సహా, ఉచ్చరించువాడు మూడు తరములను తప్పక ఎరిగియుండును. ఆ మూడింటిని దస్త్రములోని మూడింటితో కలుపగలిగినచో ఆరేడు తరములు నిలుచును.

సరిహద్దుల విషయమును మరువరాదు. మునగాల పరగణా నైజాము రాజ్యము నడుమ ద్వీపమువలె నుండి, నందిగామ తాలూకాలో భాగమై, 1959లో నల్లగొండ జిల్లాలో కలిసినది. నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్నది. ఈ నందిగామ సీమలోని పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగ నుండిరి. ఆధారములను పరీక్షించి చరిత్ర వ్రాయుటను తెలుగువారికి అలవరచినవారిలో ఆయన అగ్రగణ్యుడు. జగ్గయ్యపేటవారి బంధువర్గము కోదాడ ప్రక్కన ఉన్నచో ఆ శాఖ కాగితములు నైజాము దస్త్రములలో వెదకవలెను. అవి పారసీకమునను ఉరుదూలోను ఉండును. జిల్లా ఎల్ల దాటినంత మాత్రమున వంశము తెగిపోదు గాని, పరిశోధకుని శ్రమ తెగిపోవుచున్నది.

నన్ను మిక్కిలి కలచిన లోపము వేరొకటి. ఇనాము రిజిష్టరులో స్త్రీలు అరుదుగా కనబడుదురు. దేవాలయ సేవకై ఇచ్చిన ఇనాములలో నాట్యసేవ చేసిన స్త్రీల పేర్లు, వారసులు లేని వితంతువుల పేర్లు తప్ప, ఇల్లాండ్రు, ఆడుబిడ్డలు అందు లేరు. జగ్గయ్యపేట స్తూపము కడ లభించిన ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరపు ప్రాకృత శాసనమును దీనితో పోల్చి చూడుడు. నాకచందుని కుమారుడు సిద్ధార్థుడను శిల్పి అయిదు ఆయకస్తంభములను నిలుపుచు, తల్లి నాగిలనిని, భార్య సముదనిని, కుమారుడు మూలసిరిని, కుమార్తె నాగబుధనికను, సోదరుని కుటుంబమును సైతము పేరుపేరున చెప్పుకొన్నాడు. ఒక శిల్పి తన పుణ్యములో ఆడువారికి భాగమిచ్చి, పదునారు శతాబ్దములకు పైబడి నిలిచిన పేర్లను రాతిపై చెక్కించినాడు. అదే ఊరి పరిసరముల 1860 నాటి దస్త్రములో తల్లిపేరు అడిగినవాడు లేడు. ఈ లోపమును పూరించుటకు మరియొక దస్త్రము కలదు. 1864 నాటి చట్టము ననుసరించి 1865 నుండి దస్తావేజుల రిజిస్ట్రేషను ఆరంభమైనది. స్థిరాస్తి దస్తావేజులెక్కు మొదటి పుస్తకమును, దాని పేర్ల సూచికను రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చునని 1908 నాటి చట్టము అనుమతించుచున్నది. ఆడుబిడ్డకు పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన భూమి దస్తావేజులో తండ్రిపేరు, భర్తపేరు రెండును ఉండును. అనగా రెండు వంశములు ఒక కాగితముపై కలియుచున్నవి. అట్టి దస్తావేజును వెదకని వంశవృక్షము సగము వృక్షమే.

మరియొక ప్రయోజనము కలదు. అగ్రహారీకులు, శ్రోత్రియందారులు మాత్రమే గాక, గ్రామసేవ ఇనాములు అనుభవించిన కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి, తలారి, వెట్టివారి పేర్లు కూడ గ్రామలెక్కలలో ఎక్కినవి. వారికి అవతారికలు లేవు, తామ్రశాసనములు లేవు. తమ ముత్తాత పేరు వ్రాసి ఉంచిన కాగితము ఇదియొక్కటే కావచ్చును. వంశచరిత్ర అనగా కులప్రశస్తి అని తలంచి, ఏ కులమువారు ఆ కులమునకు పొగడ్తలు కూర్చుకొనుచున్న ఈ దినములలో, ఒక గ్రామపు దస్త్రమును సమగ్రముగ చదివినవాడు అన్ని ఇండ్లకును సమానముగ సేవ చేసినవాడగును. ఇట్టి పరిశోధనను భూమి తగాదాలకు వాడుటకు సమ్మతింపరాదు. 1956 నాటి ఇనాముల రద్దు చట్టము తరువాత ఆ భూముల స్థితియే మారిపోయినది. మన పని హక్కును నిర్ణయించుట కాదు, పేరును నిలుపుట.

1984లో కరణముల పదవులు రద్దయినప్పుడు కొన్ని కట్టలు కచ్చేరీలకు చేరినవి. కొన్ని ఇండ్ల అటకలపై మిగిలినవి. చెదలు తినగా మిగిలిన కట్టలను నేను చూచియున్నాను. గొలుసుకట్టును చదువగల వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. చెన్నై, హైదరాబాదులలోని అభిలేఖాగారములలో రిజిష్టర్లు భద్రముగ ఉన్నను, వానిని అర్థము చేసికొనువాడు లేనిచో భద్రత వలన ఫలమేమి? ఆ శక్తి ప్రాచ్యకళాశాలలకే ఎక్కువగ ఉన్నది. చరిత్రశాఖవారికి ఫసలీ తెలిసినను గోత్రప్రవరలు తెలియవు. మన విద్యార్థికి గోత్రప్రవరలు, దత్తకధర్మము, పాత తెలుగు తెలిసినను ఫసలీ తెలియదు. దీనిని నేర్పుటకు ఒక మాసము చాలును.

కాబట్టి నా సూచన ఇది. భాషాప్రవీణ చివరి సంవత్సరమున పరిష్కరణవిద్యతోపాటు గొలుసుకట్టు పఠనమును, ఫసలీగణనమును నేర్పవలెను. ప్రతి విద్యార్థియు తన ఊరి ఇనాము రిజిష్టరు నకలును సంపాదించి, తెలుగులో శుద్ధప్రతి వ్రాసి, ఇంటి సంప్రదాయముతోను రిజిస్ట్రేషను సూచికతోను సరిచూచి, సందేహములను సందేహములుగనే గుర్తించి కళాశాల గ్రంథాలయమున ఉంచవలెను. నందిగామ, జగ్గయ్యపేట సీమలలోని గ్రామములతో ఈ పని ప్రారంభింపవచ్చును. ఇందుకు ధనము స్వల్పము, ఓర్పు అధికము కావలెను. ఓర్పునకు మన పాఠశాలలలో ఎన్నడును కొరత లేదు.